స్మోక్ అలారం చోటు వంటిల్లు కాదు

ఇంట్లో స్మోక్ అలారం ఎక్కడ పెట్టాలని ఎవర్ని అడిగినా వచ్చే జవాబు ఒకటే: వంటింట్లో. నిప్పు ఉండేది అక్కడ, గ్యాస్ బండ ఉండేది అక్కడ, నూనె మరిగేది అక్కడ, కాబట్టి కాపలా కూడా అక్కడే ఉండాలంటారు. దాని వెంటే రెండో మాట వస్తుంది. మన వంటింట్లో తాలింపు పెట్టని పూట ఉండదు, ఎండుమిరపకాయ మాడని రోజు ఉండదు, అది పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది, అందుకని ఆ వస్తువు మన ఇళ్లకు పనికిరాదని. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని ములకలపల్లి లాంటి అడవి అంచు మండలానికి వచ్చేసరికి మూడో మాట కూడా కలుస్తుంది: కట్టెల పొయ్యి మీద వండుకునే ఇంటికి పొగను పట్టే యంత్రం ఏమిటని. ఈ మూడు మాటలూ ఒకే పొరపాటులోంచి పుట్టాయి. నిప్పు ఎక్కడ పుడుతుందన్న ప్రశ్నకు దొరికిన జవాబును తెచ్చి, మనుషులు ఎక్కడ చనిపోతున్నారన్న ప్రశ్నకు అతికించాం. పొగను పసిగట్టే అలారం ఉండాల్సింది మనుషులు నిద్రపోయే గదిలో, ఆ గది గుమ్మం బయట, మేడ ఉంటే మెట్ల దగ్గర. వంటింట్లో పెట్టి, అరిచిందని పీకేసి, పనికిరాదని తీర్పు చెప్పేయడం వల్ల పడకగదులు కాపలా లేకుండా మిగిలిపోయాయి.

ముందు లెక్కలు చూద్దాం. ఇళ్లలో జరిగే అగ్నిప్రమాదాలను దశాబ్దాలుగా విడమరచి నమోదు చేస్తున్న దేశం అమెరికా. అక్కడి నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ లెక్కల్లో ఇళ్లలో పుట్టే మంటల్లో దాదాపు సగానికి కారణం వంట. ఇక్కడిదాకా వంటింటి వాదన నిజమే. కానీ ఇంటి మంటల్లో చనిపోయేవారిలో వంట మంటల వల్ల పోయేవారు ఐదో వంతుకు అటూ ఇటూ. రాత్రి 11 గంటల నుంచి ఉదయం 7 దాకా పుట్టే మంటలు మొత్తం మీద ఐదో వంతే, చావుల్లో మాత్రం దాదాపు సగం ఆ ఎనిమిది గంటల్లోనే జరుగుతున్నాయి. కారణం కష్టమైనదేమీ కాదు. వంటింట్లో మంట లేచేటప్పుడు సాధారణంగా పక్కన ఒక మనిషి మెలకువగా ఉంటారు. స్టవ్ కట్టేస్తారు, మూత బోర్లిస్తారు, తడి గోనె వేస్తారు, లేదంటే కేకలు పెడుతూ బయటికి పరుగెత్తుతారు. ఆ మనిషి కళ్లూ ముక్కూ ఏ అలారం కన్నా ముందే పనిచేస్తాయి. నిద్రపోయే మనిషికి ఆ రెండూ లేవు.

అమెరికా లెక్కలు మనకెందుకు, మన దగ్గర చీరకొంగు అంటుకుని పొయ్యి దగ్గరే ఆడవాళ్లు కాలిపోతున్నారు కదా అని ఒక అభ్యంతరం ఉంది. అది గట్టి అభ్యంతరం, పక్కకు నెట్టేయదగింది కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ప్రకటించే ప్రమాద మరణాల నివేదికల్లో అగ్నిప్రమాదాల్లో పోయేవారు వేలల్లో ఉంటారు, అందులో సగానికి పైగా నివాస గృహాల్లోనే పోతున్నారు. వాళ్లలో వంట దగ్గర ఒంటికి నిప్పంటుకున్న ఆడవాళ్లు చాలామంది. అయితే ఆ ఇల్లాలికి నిప్పంటుకుందని పైకప్పు నుంచి ఒక యంత్రం చెప్పాలా? ఆమెను కాపాడేవి వేరే ఉన్నాయి: ఒంటికి అతుక్కుని కరిగే సింథటిక్ బట్టకు బదులు నూలు బట్ట, నేల మీద కాకుండా నడుమెత్తు గట్టు మీద స్టవ్, గడువు దాటకుండా మార్చిన గ్యాస్ ట్యూబు, అందుబాటులో నీళ్లు. ఆ విషయంలో చేయాల్సింది కొండంత ఉంది. అలారం మాత్రం జరుగుతున్నది తెలియని మనిషి కోసం పుట్టింది. తెలిసిన మనిషి దగ్గర దాన్ని పెట్టడం వల్ల ఆమెకు మేలు లేదు, తెలియని మనిషికి దక్కాల్సింది దక్కదు.

మన రాష్ట్రంలోనే జరిగిన ప్రమాదాలు ఇదే చెబుతున్నాయి. 2025 మే 18, ఆదివారం పొద్దున ఆరు దాటాక హైదరాబాద్‌లో చార్మినార్ పక్కన గుల్జార్ హౌస్‌లో కింద దుకాణాలు, పైన కాపురం ఉన్న ఇంట్లో మంటలు లేచాయి. 17 మంది చనిపోయారు, అందులో 8 మంది పిల్లలు. షార్ట్ సర్క్యూట్ కారణమని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. నిప్పు పుట్టింది కింది అంతస్తులో, మనుషులు ఉన్నది పైన, వాళ్లలో ఎక్కువమంది ప్రాణం తీసింది పొగ. కిందికి దిగడానికి ఉన్న ఒకే ఒక ఇరుకు మెట్ల దారిలోకి ఆ పొగ ముందే చేరింది. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో సెల్లార్‌లోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు పుడితే పై అంతస్తుల లాడ్జిలో 8 మంది పోయారు. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని పై ఫ్లాట్లలో ఉన్న కనీసం 9 మంది చనిపోయారు. అది పట్టపగలు, మనుషులు మెలకువగానే ఉన్నారు, అయినా మెట్ల మీద పొగ వాళ్లను దిగనివ్వలేదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ వంటింట్లో పుట్టలేదు. వంటింటి పైకప్పుకు అలారం తగిలించి ఉంటే అది మోగేది అందరికన్నా చివర. అలారం ఉంటే గుల్జార్ హౌస్‌లో పదిహేడు మందీ బతికేవారని ఎవరూ ప్రమాణం చేయలేరు. కానీ మెట్ల అడుగున పొగ సన్నగా ఉన్న మొదటి నిమిషాల్లో ఆ దారి ఇంకా దారిగానే ఉంటుంది. ఆ నిమిషాల్లో లేపగలిగేది మెట్ల దగ్గరా పడక దగ్గరా ఉన్న పరికరమే.

పొగ వస్తే వాసనకు మెలకువ రాదా అనేవారు చాలామంది. ఇది ప్రాణాంతకమైన నమ్మకం. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మేరీ కార్స్కాడన్, రేచెల్ హెర్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నిద్రలో ఉన్నవాళ్ల ముక్కు దగ్గర పుదీనా వాసనను, పిరిడీన్ అనే ఘాటైన దుర్వాసనను వదిలి పరీక్షించారు. 2004లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. గాఢనిద్రలో ఉన్నవాళ్లను ఆ వాసనలు లేపలేకపోయాయి, వాళ్లను లేపింది శబ్దం. నిద్రలో చెవి కొంత మేలుకునే ఉంటుంది, ముక్కు పడుకుంటుంది. పైగా గదిలో నింపాదిగా రాజుకునే నిప్పు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు అసలు వాసనే లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్ర స్పృహ తప్పడంగా మారుతుంది, మధ్యలో మెలకువ అనే మెట్టు ఉండకపోవచ్చు. పిల్లల సంగతి మరీ కష్టం: అలారం మోగినా లేవని పిల్లలు ఎందరో ఉన్నారని ఆస్ట్రేలియాలో డొరొతీ బ్రూక్ చేసిన పరిశోధనలు చూపాయి. అంటే పిల్లల్ని లేపి ఎత్తుకుపోవాల్సిన పెద్దవాళ్ల చెవి పక్కనే ఆ శబ్దం పుట్టాలి. రెండు గోడల అవతల వంటింట్లో, తలుపు వేసిన చోట పుడితే ఎవరికి వినపడుతుంది?

ఇక తాలింపు గొడవ. అమెరికాలో, బ్రిటన్‌లో తెలుగువాళ్ల ఇళ్లలో సాంబారుకు పోపు పెడుతుంటే అలారం మోగడం, ఎవరో ఒకరు తువ్వాలుతో దాని కింద విసరడం అందరికీ తెలిసిన కథే. దాన్ని చూసి పరికరం తప్పు అంటున్నాం. ఈ రోజుల్లో ఎక్కువగా దొరికే ఫొటోఎలక్ట్రిక్ అలారం లోపల ఒక చీకటి గది, అందులో ఒక కాంతి కిరణం ఉంటాయి. పొగ రేణువులు లోపలికి వచ్చి ఆ కిరణాన్ని చెదరగొడితే అది మోగుతుంది. మరిగిన నూనె తుంపరకూ, స్నానాల గది ఆవిరికీ, కాలుతున్న పరుపు పొగకూ మధ్య తేడా దానికి తెలియదు. అందుకే పొయ్యికి పదడుగుల లోపు పొగ అలారం పెట్టవద్దని, పది నుంచి ఇరవై అడుగుల మధ్య పెట్టాల్సి వస్తే ఫొటోఎలక్ట్రిక్ రకమో, కాసేపు నోరు మూయించే బటన్ ఉన్నదో పెట్టమని, స్నానాల గది తలుపుకు మూడడుగులు ఎడం ఇవ్వమని అమెరికా నియమాలే చెబుతున్నాయి. వంటింటికి వేరే పరికరం ఉంది, హీట్ డిటెక్టర్. దానికి పొగతో పనిలేదు, గాలి వేడి దాదాపు 57 డిగ్రీలకు చేరితే మోగుతుంది. తాలింపు ఎంత ఘాటుగా ఉన్నా పైకప్పు దగ్గర గాలి అంత కాగదు, మూకుడు అంటుకుంటే కాగుతుంది. స్కాట్లాండ్‌లో 2022 ఫిబ్రవరి నుంచి ప్రతి ఇంటికీ వర్తించిన నియమం ఇలాగే విడదీసింది: కూర్చునే గదిలో, ప్రతి నడవలో, ప్రతి అంతస్తు మెట్ల దగ్గర పొగ అలారం, వంటింట్లో వేడి అలారం, ఒకటి మోగితే అన్నీ మోగేలా లంకె. వంటింటి వాదులు కోరుకునే కాపలా వంటింటికి దక్కింది, సరైన పరికరంతో దక్కింది. అయితే హీట్ డిటెక్టర్ తప్పుగా మోగదు కదా, పడకగదిలోనూ అదే పెట్టేద్దాం అనుకోకూడదు. పరుపు నివురుగప్పి రాజుకునేటప్పుడు గది వేడెక్కకముందే పొగ మనిషిని ముగిస్తుంది.

ములకలపల్లి ఇళ్ల దగ్గరికి వద్దాం, ఎందుకంటే పరదేశపు నియమాన్ని తెచ్చి ఇక్కడ యథాతథంగా అతికించడం కూడా తప్పే. ఈ మండలంలో నిప్పు గురించి మనుషులకు తెలియక కాదు. ఎండాకాలం అడవి తగలబడటం, ఇప్పచెట్ల కింద ఆకులు కాల్చడం, గడ్డివాము అంటుకోవడం, పూరింటి మీద నిప్పురవ్వ పడటం తరాలుగా చూసినవే. కానీ ఆ నిప్పులన్నీ కంటికి కనబడేవి, ఊరు ఊరంతా కేకలేసి లేపేవి. నాలుగు గోడలూ స్లాబూ వేసి, దోమల భయంతో కిటికీ మూసి పడుకున్న గదిలో పొగ పక్కింటికి కనబడదు. ఇల్లు మారింది, నిప్పు గురించిన మన అంచనా మారలేదు.

పూరింట్లో, పొయ్యి గది లోపలే ఉండి పొగ కప్పంతా తిరిగే చోట స్మోక్ అలారం పనిచేయదు, అక్కడ పెట్టమనడం అర్థంలేనిది. ఆ ఇంటికి కావాల్సింది పొయ్యిని బయటికో వేరే పాకలోకో మార్చడం. పెంకుటిల్లయితే కప్పు ఏటవాలు, పొగ ఇంటి కొప్పు వైపు పాకుతుంది. అక్కడ కొప్పుకు మూడడుగుల లోపు పెట్టాలి, అలాగని సరిగ్గా కొన మొనలో కాదు, పై నాలుగంగుళాలు విడిచిపెట్టాలి, ఆ మూలలో గాలి కదలదు. పెంకుటిళ్లలో అడ్డగోడలు చాలాసార్లు కప్పుదాకా వెళ్లవు, వంటపొగ గోడ మీదుగా పడకవైపు పొర్లుతుంది. ఆ సందు మూయగలిగితే మూయాలి, లేకపోతే అలారాన్ని పొయ్యికి దూరపు కొసన పెట్టాలి.

రేకుల ఇల్లు అన్నింటికన్నా చిక్కు. మే నెలలో ఈ జిల్లాలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులున్నాయి, రేకు కింద గాలి అంతకన్నా కాగుతుంది. ఆ వేడి పొరను చల్లటి పలచని పొగ చీల్చుకుని పైకి వెళ్లలేదు, కింద అడ్డంగా పరుచుకుంటుంది. రాత్రికి ఇనుపరేకు చప్పున చల్లబడటమూ పొగ కదలికను చెడగొడుతుంది. కాబట్టి రేకుకు అంటించకుండా, లోపలి గోడ మీద, కప్పుకు నాలుగు నుంచి పన్నెండు అంగుళాల కిందికి బిగించాలి. వేడెక్కే, చల్లబడే పైకప్పులున్న ఇళ్లకు అమెరికా నియమావళి చెప్పేది కూడా ఇదే. చాలా అలారాలను దాదాపు 40 డిగ్రీల లోపు గదుల కోసమే తయారుచేస్తారు, ఎంత వేడిని తట్టుకుంటుందో పెట్టె మీద చూసి కొనాలి. రేకు కింద వంటింట్లో 57 డిగ్రీల హీట్ డిటెక్టర్ కూడా ఎండకే మోగవచ్చు, అక్కడ ఇంకా ఎక్కువ వేడికి మోగే రకం కావాలి. స్లాబు ఇంట్లో మధ్యలో పెట్టడం మంచిది, కానీ మధ్యలో ఫ్యాను ఉంటుంది. ఫ్యాను రెక్క కొసకు మూడడుగుల ఎడం ఉండాలి, లేకపోతే గాలి పొగను తరిమేస్తుంది. పదడుగుల గదిలో 48 అంగుళాల ఫ్యాను ఉంటే ఆ ఎడం సరిగ్గా గోడ దగ్గరే దొరుకుతుంది, కాబట్టి గుమ్మం పైన గోడకు, స్లాబుకు అడుగు లోపు కిందికి పెట్టుకోవాలి.

పడకగదిలో నిప్పు పుట్టడానికి ఏముంది అనేవారు ఆ గదిలోకి తొంగి చూడాలి. పత్తి ఏరాక మంచి ధర కోసం ఆగే రైతు ఇంట్లో పత్తి నిల్వ ఉండేది మనుషులు పడుకునే గదుల్లోనే. పత్తి భగ్గున మండేది పైపైన, లోపల మాత్రం గంటల తరబడి నివురులా రాజుకుంటూ పొగ వదులుతుంది. మలేరియా భయం ఉన్న ఈ ఏజెన్సీలో దోమల కాయిల్ రాత్రంతా మంచం కింద వెలుగుతుంది. దానివల్ల అలారం మోగుతుందనే మాట అబద్ధం కాదు, కాయిల్ సరిగ్గా అలారం కిందనే ఉంటే మోగవచ్చు. దుప్పటి కొసకు దూరంగా, కిటికీ వైపు కాయిల్ పెట్టుకుంటే రెండు ఇబ్బందులూ తీరతాయి, దోమతెరకు మారితే మరీ మంచిది. ఇప్పుడు వీటికి బ్యాటరీ చార్జింగ్ తోడైంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయాడు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఇంటి యజమాని ప్రాణం పోయింది. రెండు ఇళ్లలోనూ నిప్పు పుట్టింది మనుషులు నిద్రపోతున్న చోటే. పేలుడుకు ఏ అలారమూ అడ్డుపడదు, బ్యాటరీని పడకగదిలోకి తేకపోవడమే దానికి విరుగుడు. అయినా పడకగదిలో నిప్పే ఉండదనే మాట మాత్రం ఇక నిలవదు.

వేసవిలో ఆరుబయట మంచాలేసుకుని పడుకుంటాం కదా అంటే, ఆ రెండు నెలలు సరే, వానాకాలం, చలికాలం తలుపులు మూసే పడుకుంటాం. కరెంటు పోతే పనిచేయదంటే, ఇంటి అలారాలు ఎక్కువగా బ్యాటరీవే, కరెంటుతో సంబంధం లేదు. ఖరీదు సంగతి: విడిగా మోగే అలారం వెయ్యి రూపాయలకు అటూ ఇటూ దొరుకుతోంది. కూలికి వెళ్లే ఇంటికి అది చిన్న మొత్తం కాదు, అందుకే ఉన్న ఒక్కటీ సరైన చోట ఉండటం మరింత అవసరం. ఇక్కడ ఒక మోసపోయే చోటు ఉంది. ఎలక్ట్రికల్ షాపుల్లో చవగ్గా అమ్మే స్మోక్ డిటెక్టర్లు చాలావరకు పెద్ద భవనాల ప్యానెల్‌కు తీగలతో కలిపేవి. వాటికి సొంత గొంతు లేదు, ఇంట్లో ఒంటరిగా తగిలిస్తే ఎర్రలైటు వెలగొచ్చు గానీ ఎవర్నీ లేపవు. పరికరంలోనే బ్యాటరీ, మోత, పరీక్షించే బటన్ ఉన్నదే కొనాలి. ఇక ఇరుగుపొరుగు లేపుతారని, ఫైరింజన్ వస్తుందని ధీమా పడేవారు దారి సంగతి ఆలోచించాలి. 101కి ఫోను చేస్తే బండి పట్టణం నుంచి బయలుదేరి అడవి దారిలో రావాలి. నేటి ఫోము పరుపులు, ప్లాస్టిక్ సామాన్లు ఉన్న గదిలో మంట భగ్గుమంటే తప్పించుకోవడానికి మిగిలే వ్యవధి మూడు నిమిషాలే కావచ్చని అమెరికా ప్రమాణాల సంస్థ ప్రయోగాలు చూపాయి. 1970ల నాటి సామాన్లతో అదే వ్యవధి సగటున పదిహేడు నిమిషాలు ఉండేది.

మన నిబంధనలు కూడా ఈ పొరపాటునే పెంచాయి. అగ్నిమాపక అనుమతులు భవనం ఎత్తును చూసి అడుగుతాయి. ఎత్తయిన భవనాల్లో నడవాలకు, సెల్లార్లకు డిటెక్టర్లు పెట్టి కాగితం పూర్తిచేస్తారు, ఫ్లాట్ లోపల పడకగదికి ఏమీ ఉండదు. ఒక అంతస్తు ఇల్లు అసలు లెక్కలోకే రాదు. 2024 మార్చి 11న ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది భద్రాచలంలోనే. ఒక్కో ఇంటికి 5 లక్షల రూపాయల సాయం, కనీసం 400 చదరపు అడుగులు, వంటగది, మరుగుదొడ్డి తప్పనిసరి. పునాదికి ఇంత, గోడలకు ఇంత, స్లాబుకు ఇంత అని విడతలవారీగా ఇంజనీరు వచ్చి చూసి డబ్బు విడుదల చేసే పథకం ఇది. ఆ చివరి విడత తనిఖీలో ఇంకొక్క వరుస చేర్చాలి: పడకగది గుమ్మం లోపలి గోడకు, స్లాబుకు అడుగు లోపు, పొయ్యికి పదడుగుల దూరాన, పదేళ్ల బ్యాటరీ సీలు చేసిన ఫొటోఎలక్ట్రిక్ అలారం ఒకటి. 400 చదరపు అడుగుల ఇంట్లోనూ వంటగదికి ఎదురు మూల గదిలో ఆ పదడుగులు దొరుకుతాయి, దొరికేలా ప్లాను గీయడం ఇంజనీరు పని. తయారీ తేదీ నుంచి పదేళ్లకు దాన్ని మార్చాలి కాబట్టి తగిలించిన రోజే ఆ ఏడాదిని గోడ మీద పెద్ద అంకెల్లో రాయాలి. నెలకోసారి బటన్ నొక్కి చూడటం ఇంట్లో బడికి వెళ్లే పిల్లలకు అప్పగించవచ్చు. వాళ్లకు ఆ మోత ఏమిటో, అది వినబడితే ఏ తలుపు గుండా బయటికి పరుగెత్తాలో పగటిపూటే తెలిసి ఉంటుంది.